దీపాలదిన్నె రాళ్లకు ఊరి పేరు రాద్దాం

మన సంఘం మొన్న జరిపిన ఉగాది సంబరాల్లో వేదిక వెనుక కట్టిన తెర మీద అమరావతి శిల్పఫలకం ఉంది. స్తూపం పైభాగాన్నీ, పక్కన మొక్కుతున్న మనుషులనూ కత్తిరించి, మిగిలినదానికి బంగారు రంగు పులిమి, దాతల పేర్లు అచ్చువేశారు. అమరావతి పేరు మాత్రం ఎక్కడా లేదు. పంచాంగ శ్రవణం సాగినంతసేపూ నా మనసు చివుక్కుమంటూనే ఉంది.

ఆ రాళ్లకు అంతకన్నా మర్యాద 1858లోనే దక్కింది. మద్రాసు ప్రభుత్వంలోని ఆంగ్లేయ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో దీపాలదిన్నెను, అంటే అమరావతి బౌద్ధ స్తూపపు దిబ్బను, తవ్వించి మద్రాసుకు పంపిన ఫలకాలు అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట ఎండావానల్లో పడి ఉన్నాయి. లండన్ ఓడ ఎక్కించకముందు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ కెప్టెన్ లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. అప్పటి ఫొటోకు చాలాసేపు వెలుతురు పడాలి, ఈలోగా ఏది కదిలినా బొమ్మ చెదిరేది. రాయి కదలదు కాబట్టి ఆ చిక్కు లేదు. అయితే లోతు తక్కువ చెక్కడం మీద వెలుగు ఏటవాలుగా పడితేనే ముఖాలు తేలతాయి. ముక్కలైనవి ఆ ఫొటోల్లో ముక్కలుగానే కనిపిస్తాయి.

మా పెద్దమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ ఒక ఫలకానికి ఒకవైపు క్రీస్తుపూర్వపు చెక్కడం, రెండోవైపు కొన్ని శతాబ్దాల తర్వాత తిప్పి చెక్కిన స్తూపం. పెద్దమ్మ రెండువైపులా తిరిగి చూసింది. ఫోనులో ట్రైప్ ఫొటోలు చూపిస్తే కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కొక్కటీ పెద్దది చేయించుకుని చూసింది. "అమరేశ్వరుడి గుడికి ఏటా వెళ్తాం నాన్నా, ఆ దిన్నె దగ్గరికి ఒక్కసారీ వెళ్లలేదు. మాకు చెప్పినవాళ్లు లేరు" అంది. ఆమెను తప్పుపట్టలేను. చదువుకుని, సంఘాలు పెట్టుకుని, శిల్పం ఎక్కడిదో రాయని మనల్నే తప్పుపడతాను.

ఆ రాళ్లకు చెరుపంతా దొరలే చేశారనడం న్యాయం కాదు. వాళ్లు రాకముందే ఆ రాళ్లను మనవాళ్లు కట్టడాలకు వాడుకున్నారు, సున్నానికి కాల్చారు. తవ్వించి ఎండకు వదిలేసి, ఆపై ఓడెక్కించిన ప్రభుత్వాన్నీ నేను క్షమించలేను. ట్రైప్ ఆ ప్రభుత్వపు జీతగాడే. అయినా సముద్రం దాటకముందు ఆ రాళ్లు ఎలా ఉన్నాయో ఈరోజు మనం చూడగలుగుతున్నామంటే అతని పనివల్లే.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. మన పత్రిక వచ్చే సంచికలో ట్రైప్ తీసిన ఒక ఫొటోను కత్తిరించకుండా, రంగు వేయకుండా పూర్తి పేజీలో వేయండి. కింద అమరావతి అని, ఎవరు ఎప్పుడు తీశారో, ఆ రాయి ఇప్పుడెక్కడ ఉందో తెలుగులో రాయండి. తెలుగు బడి పిల్లలను బ్రిటిష్ మ్యూజియంలో ఆ శిల్పాలున్న గదికి తీసుకెళ్లండి. ఫొటోలు ఎంచడానికీ, పిల్లల వెంట రావడానికీ నేను సిద్ధంగా ఉన్నాను.