ఐదుగురు అక్కచెల్లెళ్ళు, ఒక ఇటుకల స్తంభం

పోయిన సొమ్ము కోసం వెతుక్కుంటున్నవాడితో "పోలేదండీ, మా బీరువాలో భద్రంగా ఉంది" అని చెప్పగల మర్యాదస్తులు లోకంలో అరుదు. బ్రిటిష్ మ్యూజియం ఆ కోవలోది. రెండు వందల ఏళ్ళుగా ఎంత చెప్పినా గ్రీకులకు ఇది తలకెక్కడం లేదు కనుక, ఎవరూ అడగకపోయినా మ్యూజియం తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ మీద ఎరెక్థియోన్ అనే గుడి ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో కట్టారు. దాని దక్షిణపు వసారాలో స్తంభాల బదులు ఆరుగురు పాలరాతి ఆడపిల్లలు కప్పును నెత్తిన మోసేవారు. కార్యాటిడ్లు అంటారు. ఒక్కొక్కరూ ఏడున్నర అడుగుల ఎత్తు. ముందు నుంచి చూస్తే అలసట అనేదే కనిపించదు. ఒక మోకాలు కాస్త వంచి, నీళ్ళ బిందె ఎత్తుకున్నంత తేలిగ్గా నిలబడి ఉంటారు. వెనక్కి వెళితే గాని కిటుకు తెలియదు. సన్నటి మెడ విరగకుండా, లావుపాటి జడలను వీపు మీదికి దించి దన్నుగా చెక్కాడు శిల్పి. ఆడపిల్ల జడకు ఇంత పెద్ద బాధ్యత అప్పగించిన ఇంజనీరు మళ్ళీ పుట్టలేదు.

19వ శతాబ్దం మొదట్లో, గ్రీసును అప్పుడు ఏలుతున్న ఒట్టోమన్ తురుష్కుల దర్బారులో బ్రిటిష్ రాయబారిగా ఉన్న ఎల్గిన్ ప్రభువు ఈ పిల్లల్లో ఒకరికి ఉద్యోగ విరమణ ఇప్పించాడు. అనుమతి ఉందా అని అడక్కండి, ఉంది. అసలు పత్రం దొరకలేదు గాని దాని ఇటాలియన్ అనువాదం ఉంది. అందులో "కొన్ని రాతి ముక్కలు" తీసుకోవచ్చని ఉంది. ఏడున్నర అడుగుల అమ్మాయి రాతి ముక్క కాదని ఎవరనగలరు? పైగా కప్పు కూలిపోకుండా ఆమె స్థానంలో ఇటుకల స్తంభం కట్టించారు. తాళం వేసి మరీ వెళ్ళిన దొంగను మీరెక్కడైనా చూశారా? 1816లో బ్రిటిష్ పార్లమెంటు మొత్తం సరుకును 35,000 పౌండ్లకు కొని బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించింది. తనకు అంతకు రెట్టింపు పైనే ఖర్చయిందని ప్రభువు వాపోయాడు. పరోపకారికి ఎప్పుడూ నష్టమే.

ఇక భద్రత సంగతి. ఆమెతో పాటు వచ్చిన, అదే కొండ మీది పార్థెనాన్ గుడి శిల్పాలను 1937-38లో మ్యూజియంలో రాగి ఉలులతో గీకి తెల్లబరిచారు. కొత్త గదికి డబ్బిస్తున్న దాతకు పాలరాయి తెల్లగా ఉండాలని కోరిక. వేల ఏళ్ళ తేనె రంగును, చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోమినట్టు వదలగొట్టారు. శ్రద్ధ లేనివాళ్ళు తోముతారా? ఏథెన్స్ పొగకు మిగిలిన ఐదుగురి ముఖాలూ మాసిన మాట నిజమే. కానీ అక్కడివాళ్ళు సందర్శకుల ఎదుటే లేజర్ కిరణాలతో, అంగుళం అంగుళం శుభ్రం చేశారు. అంత చాదస్తం ఎవరికి కావాలి?

2023లో సుమారు రెండు వేల వస్తువులు పోవడమో, దొంగతనానికి గురవడమో, పాడవడమో జరిగిందని మ్యూజియమే ప్రకటించింది. చాలావరకు చిన్న చిన్న నగలూ రత్నాలూను. మన పిల్లను జేబులో వేసుకుపోవడం కష్టం, కనుక దిగులు లేదు.

తిరిగి ఇవ్వాలన్నా, మ్యూజియం తన వస్తువులను వదులుకోకుండా కట్టడి చేసే 1963 నాటి చట్టం అడ్డం. ఆ చట్టం ఏ దేవుడు చేశాడో గాని, మార్చడం మాత్రం లండన్ పార్లమెంటు వల్ల కావడం లేదు.

అన్నట్టు, మన అమరావతి స్తూపం పలకలు కూడా ఆ భవనంలోనే ఉన్నాయి. పల్నాటి సున్నపురాయిని తవ్వించిన దొర పేరిట "ఎలియట్ మార్బుల్స్" అన్నారు. అత్తవారింట్లో కోడళ్ళకు పేర్లు మార్చడం ఒక ఆచారం.

2009లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియంలో ఐదుగురినీ పాత వరసలోనే నిలబెట్టి, ఒకరి చోటు ఖాళీగా ఉంచారు. స్థలం వృథా. అక్కడొక ఇటుకల స్తంభం కట్టుకోవచ్చు. నమూనా కావాలంటే ఎల్గిన్ ప్రభువు వేసిన లెక్కలు ఉండనే ఉన్నాయి.