బిల్లు నిండు సిలిండర్‌కి, గేజ్ మీద మాత్రం 110

ఇప్పుడే ఫోన్‌లో గొడవపడి కూర్చున్నాను, ఒళ్లు మండిపోతోంది. పొద్దున్న నా వెల్డింగ్ షాపులో దింపిన ఆక్సిజన్ సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగించి వాల్వు తిప్పితే ముల్లు 110 దగ్గర ఆగిపోయింది. నిండు సిలిండరంటే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 150 కేజీలు. మా ఒడిశా రాయగడలో గ్యాస్ కటింగ్ చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. డీలర్ని అడిగితే, "స్టీల్ ప్లాంట్లకే చాలట్లేదు బాబూ, ఆ మాత్రం వచ్చిందని సంతోషించు" అన్నాడు. డబ్బులు మాత్రం నిండు సిలిండర్‌కే తీసుకున్నాడు.

ట్రాక్టర్ ట్రాలీ ఛానల్ (ఇనుప దూలం) కోస్తూ మధ్యలో ఉండగా ప్రెషర్ పడిపోయింది. కోత కిందిదాకా దిగలేదు, కరిగిన చిట్టెం, అదే స్లాగంతా అంచుకే అతుక్కుపోయింది. ట్రాలీ తెచ్చిన రైతు పక్కనే నిలబడి ఉన్నాడు, ఆయనకి ఏం చెప్పాలి?

స్టీల్ వాళ్లకి ఎంత కావాలో తెలియక మాట్లాడట్లేదు. ఇనుముని ఉక్కుగా మార్చే పాత్ర కన్వర్టర్‌లో, కరిగిన ఇనుము మీద 99.5 శాతం స్వచ్ఛమైన ఆక్సిజన్ ఊదాలి, టన్ను ఉక్కుకి 50 నుంచి 60 ఘనపు మీటర్లు. నా సిలిండర్‌లో పట్టేది 7. అంటే ఒక్క టన్నుకే ఎనిమిది సిలిండర్ల దాకా! పైగా ఇప్పుడు కోక్ (బొగ్గు కాల్చి చేసే ఇంధనం) ఖర్చు తగ్గించుకోవడానికి, ఖనిజాన్ని ఇనుముగా కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులో బొగ్గు పొడి ఊది, వేడిగాలిలోనూ ఆక్సిజన్ కలుపుతున్నారు. లాడిల్‌లో, అంటే కరిగిన ఉక్కు పట్టే పెద్ద గిన్నెలో, కలియబెట్టడానికి ఆర్గాన్ గ్యాస్. నాకు స్టెయిన్‌లెస్ వెల్డింగుకి కావలసిందీ అదే. గాలిలో ఆర్గాన్ ఒక శాతం కూడా ఉండదు, అందుకే స్టెయిన్‌లెస్ గేటుకి రేటు చెప్పాలంటే నాకు నోరు రాదు. కేంద్రం 2017 ఉక్కు విధానం 2030-31 నాటికి దేశంలో ఏడాదికి 30 కోట్ల టన్నుల ఉక్కు సామర్థ్యం కావాలంది. ఆ లెక్కలో వెల్డింగ్ షాపుకి ఎంతని ఎవరైనా రాశారా?

పెద్ద ప్లాంట్లకి గాలిని విడగొట్టే యూనిట్ గోడ లోపలే ఉంటుంది, గ్యాస్ పైపులో పోతుంది. మిగిలిన ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లలో బయటికొస్తే ఫిల్లింగ్ ప్లాంట్లు, వాళ్ల తర్వాత డీలర్లు, అందరికంటే ఆఖర్న మేము. ఛత్తీస్‌గఢ్ బైలాడిలా గనుల ఇనుప ఖనిజం మాత్రం మా పక్క కొరాపుట్ కొండల్లోంచే రోజూ విశాఖకి పోతోంది!

2021 గుర్తొస్తే ఇంకా కడుపు రగిలిపోతుంది. కరోనా రోగులకి చాలట్లేదని ఏప్రిల్ 22 నుంచి పరిశ్రమలకి ఆక్సిజన్ ఆపమన్నారు. మనుషుల ప్రాణాలకోసమంటే ఒక్క మాట అనలేదు, ఇప్పటికీ అనను. ఆక్సిజన్ ట్యాంకర్లు మోసే రైలు, మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్, విశాఖ ఉక్కు ప్లాంటు దగ్గర నింపుకుని మహారాష్ట్రకి వెళ్తే గర్వంగానే అనిపించింది. కానీ ఆ మొదటి ఉత్తర్వులో మినహాయింపు దొరికిన తొమ్మిది రంగాల్లో ఉక్కు ఉంది, మేము లేము. ఫర్నేసు చల్లారకూడదట. మా ఇళ్లలో పొయ్యి చల్లారితే ఫర్వాలేదా? పనిలేక మా కుర్రాడు గుణుపురం వెళ్లిపోయాడు, నేను షట్టర్ దించేశాను. మూలన పడున్న ఖాళీ సిలిండర్లకి రోజువారీ అద్దె మాత్రం ఇదే డీలరు ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.