మేడ మీద వేధశాల కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు రెండింటితోనే ఆగారు. వాళ్ళ డాబాలు ఖాళీగా ఉండేవి కావు కనుక మూడో కష్టం వాళ్ళకు తట్టలేదు. వడియాలు, అప్పడాలు, ఎండుమిరపకాయలు డాబా అంతా ఆక్రమించేవి. ఇప్పుడవన్నీ ప్యాకెట్లలో వస్తున్నాయి. ఇంటి అప్పు తీరింది, పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు, గృహస్థుకి నిద్ర పట్టడం లేదు. ఇటువంటివారు హైదరాబాదులో సొంత వేధశాల, అంటే టెలిస్కోపుతో చుక్కలు చూసే గది, కట్టదలిస్తే పనికివస్తాయని ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. వేధశాలకు ఆకాశం అవసరమని కొందరు చాదస్తులు ప్రచారం చేస్తున్నారు. జాన్ బోర్టిల్ అనే అమెరికన్ 2001లో రాత్రి ఆకాశాన్ని తొమ్మిది తరగతులుగా విభజించాడు. ఒకటో తరగతిలో పాలపుంత వెలుగుకే నేల మీద నీడ పడుతుంది. తొమ్మిదో తరగతి మహానగరాల నడిబొడ్డుది. ఏ విషయంలోనైనా పై తరగతికి వెళ్ళాలనే మనం పిల్లలకు నూరిపోస్తాం. ఆ లెక్కన మన వీధి ఎప్పుడో ఉత్తీర్ణత సాధించింది.

అయినా చుక్క కనబడకపోవడం మనకు కొత్తేమీ కాదు. పట్టపగలు, షామియానా కింద నిలబెట్టి, పురోహితుడు వేలెత్తి అరుంధతిని చూపిస్తే "కనబడింది" అని కొత్త దంపతులు ముక్తకంఠంతో ఒప్పుకునే సంప్రదాయం మనది. రాత్రి ముహూర్తాలకైనా కొంత నిజాయితీ ఉండేది. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన మసక కాంతితో మిణుకుమనే ఆ చుక్కను ఫంక్షన్ హాలు దీపాలు మింగేశాక ఆ తేడా కూడా పోయింది. పగటి పెళ్ళికీ రాత్రి పెళ్ళికీ ఇంత సమన్యాయం చేసిన ఘనత ఎల్‌ఈడీ దీపాలదే.

ఈ రంగంలో మనకు పూర్వీకులు లేకపోలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో టేలర్ దొర దగ్గర విద్య నేర్చుకొని, 1840 ప్రాంతంలో సొంత ఇంటి ఆవరణలోనే వేధశాల నెలకొల్పారు. ఆయన తరువాత దాన్ని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపించారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటిపోవడాన్ని పరిశీలించినవారిలో ఆయన ఒకరు. దీనినుంచి గ్రహించవలసింది ఏమిటంటే, టెలిస్కోపు కంటే ముందు అల్లుణ్ణి ఎంచుకోవాలి. కట్నం కింద కారు అడగకుండా మామగారి కటకాలు తుడిచే అల్లుడు దొరకడం శుక్రుడు సూర్యుణ్ణి దాటడం కంటే అరుదు.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్ బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టారు. గ్రబ్ కంపెనీవారి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించారు. 1907లో ఆయన కన్నుమూస్తే నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని, అప్పట్లో ఊరికి దూరంగా ఉన్న బేగంపేటకు మార్చింది. అక్కడి ఉద్యోగులు ఏళ్ళ తరబడి ఫొటో పలకల మీద కొలతలు తీసి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదు చేశారు. కొంతకాలానికి బేగంపేటకు విమానాశ్రయమూ వచ్చింది, ఊరూ వచ్చింది. 1960ల చివరకు ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపుతో ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్ పల్లెల దగ్గర కొత్త వేధశాల పెట్టింది. దీపాలు అక్కడికీ బయలుదేరాయి. మన రియల్ ఎస్టేటు వ్యాపారులు ఇంకా గుర్తించలేదు గాని, ఏ ఊరి భూములకు ధర రాబోతోందో వేధశాలలే ముందుగా చెబుతాయి.

ఇక నిర్మాణం. టెలిస్కోపు నిలిచే కాంక్రీటు దిమ్మెకు విడిగా పునాది ఉండాలనీ, అది గది గచ్చును ఎక్కడా తాకకూడదనీ శాస్త్రం. తాకితే మనిషి అడుగు వేసినప్పుడల్లా అద్దంలో గ్రహం అదురుతుంది. మూడో అంతస్తు స్లాబు మీద విడి పునాది అడిగితే మేస్త్రీ మీ ఆరోగ్యం గురించి ఇంట్లోవాళ్ళతో చాటుగా మాట్లాడతాడు. కాబట్టి పిల్లరు ఉన్నచోట నేరుగా దాని నెత్తిన దిమ్మె పోయించి సరిపెట్టుకోవాలి. కింది వాటాలో వాషింగ్ మెషిన్ బట్టలు పిండడం మొదలుపెట్టగానే గురుగ్రహం నాలుగు పెద్ద ఉపగ్రహాలతో సహా ఊగుతుంది. వేసవిలో మరో సౌకర్యం ఉంది. పగలంతా ఎండను తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడిని కక్కుతూ ఉంటుంది కనుక, అదే గురుడు పారే నీటి అడుగున పడ్డ రూపాయి బిళ్ళలా కదులుతూ దర్శనమిస్తాడు.

టెలిస్కోపు ఇరుసును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. ఏ ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువుడు ఉత్తర దిగంతం మీద దాదాపు అంతే ఎత్తులో ఉంటాడు. హైదరాబాదుకు 17 డిగ్రీల పైచిలుకు, అంటే బాగా కిందికి. మీ ఉత్తరాన పొరుగింటాయన వాస్తు తప్పని మనిషి అయి ఉంటాడు. వాస్తు ప్రకారం ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతి మూలన పెట్టి ఉంటాడు. ఆయన నైరుతి సరిగ్గా మీకూ ధ్రువుడికీ మధ్య. ముప్పై అడుగుల దూరంలో మీ కంటి మట్టానికి పదడుగులు పైకి లేచిన ట్యాంకు చాలు. చిన్ననాటనే అడవికి వెళ్ళి, ఘోర తపస్సు చేసి, సాక్షాత్తు విష్ణువు దగ్గర కదలని స్థానం సంపాదించుకున్న ధ్రువుణ్ణి వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు అడ్డుకోవడం వాస్తు శక్తికి నిదర్శనం.

పైకప్పులో రెండు రకాలు. పట్టాల మీద పక్కకు జరిగే రేకుల కప్పు చవక, ఆకాశమంతా ఒకేసారి తెరుచుకుంటుంది, వేడి త్వరగా పోతుంది. ఇన్ని సుగుణాలున్నా వీధిలోంచి చూస్తే కారు షెడ్డులా ఉంటుంది కనుక పరిగణించనక్కర్లేదు. చీలిక ఉన్న తిరుగుడు గుమ్మటమే శ్రేష్ఠం. దాని ధర చాలాసార్లు లోపలి టెలిస్కోపు ధరను మించిపోతుంది. దారినపోయేవారు కొత్త రకం ట్యాంకు అనుకొని ప్లంబరు నంబరు అడుగుతారు. ఇవ్వండి.

జాన్ డాబ్సన్ అనే ఆయన ప్లైవుడ్ పెట్టెలో అట్టగొట్టం నిలబెట్టి, అతి చవకగా పెద్ద టెలిస్కోపు ఎవరైనా చేసుకోవచ్చని చూపించాడు. కారు వెనక సీట్లో పెట్టుకొని వెలుతురు లేని ఏ పల్లెకైనా పోవచ్చు. గుమ్మటం వద్దు, దిమ్మె వద్దు, అనుమతి వద్దు. అయితే డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో సన్న్యాసిగా ఉన్నవాడు. సన్న్యాసుల సలహాలు గృహస్థులకు వర్తించవు.

జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులు. ఆ నాలుగైదు నెలలూ కటకాలకు బూజు పట్టకుండా సిలికా జెల్ సంచులు మార్చడమే ఖగోళ పరిశోధన.

అన్నీ అయ్యాక బంధువులు వస్తారు. చందమామ మీద అమెరికావాళ్ళ జెండా చూపించమంటారు. ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో చంద్రుడి మీద సుమారు ఒక కిలోమీటరు కంటే చిన్న వివరం తెలియదని చెబితే, ఇంత ఖర్చుపెట్టి జెండా కూడా కనబడదా అని మీ శ్రీమతి వైపు జాలిగా చూస్తారు. తరువాత శని. చూస్తే పట్టుకుంటాడా, వదులుతాడా అనే చర్చ మెట్ల మీదే మొదలవుతుంది. ఏలినాటి శని నడుస్తున్న పెద్దాయన ఒకరు దూరం నుంచే దండం పెట్టి కిందికి దిగిపోతారు. 2025 మార్చిలో వలయాలు మన వైపు అంచు తిప్పాయి; ఆ తరువాత కొన్నాళ్ళు అవి సన్నని గీతలాగే ఉండటం చూసి, ఉంగరం తాకట్టు పెట్టాడా ఏమిటని ఒక మేనత్త పరామర్శించారు.

చివరగా పొరుగింటాయన వస్తారు. దొంగల భయంతో మీ డాబా వైపు తెల్లవార్లూ ఫ్లడ్‌లైటు వెలిగించే పెద్దమనిషి ఆయనే. నిచ్చెనెక్కి, ఒక కన్ను మూసి, చాలాసేపు శ్రద్ధగా చూస్తారు.

"బాగానే ఉంది గాని, మసకగా ఉంది బాబూ. మా ఇంట్లో ఇంకో లైటు ఉంది, వేయించమంటావా?"