జీడిపండు కుళ్లాలి, బార్లు వెలగాలా?

జీడి సీజన్ ముగింపుకొచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని పలాస, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో రైతు ఎప్పటిలాగే పిక్క తుంచుకుని, పండును చెట్టు కిందే పారేశాడు. 80 కిలోల పిక్కల బస్తా ఒకటి నిండిందంటే ఇంచుమించు ఐదారు క్వింటాళ్ల పండు మట్టిపాలైనట్టే. 2018లో తిత్లీ తుఫాను కూల్చిన తోటల బాధ, ఆఫ్రికా పిక్కలతో పోటీ ఉద్దానానికి కొత్తగా చెప్పాల్సినవి కావు. ఉన్న పంటలో సింహభాగాన్ని చట్టమే కుళ్లబెడుతోందన్నదే మా ఆగ్రహం.

ఇదే పండు గోవాలో ఆదాయం. అక్కడి ప్రభుత్వం జీడి జోన్లను ఏటా వేలం వేసి, పండు రసాన్ని కాచి మద్యం తీసే బట్టీలకు ఎక్సైజ్ లైసెన్సులిస్తుంది. 2009లోనే ఆ మద్యానికి, అంటే ఫెనీకి, భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడ అదే రసాన్ని కాస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద కేసు. మొలాసిస్ స్పిరిట్‌కు రంగూ వాసనా కలిపే ఫ్యాక్టరీకి లైసెన్సు, పర్యాటకం పేరిట హోటల్‌కు బారు, పండించిన రైతుకు మాత్రం జైలు! ఎందుకీ రెండు నీతులు?

సారా కొంపలు కూల్చిందని, 1993 నిషేధం మహిళలు పోరాడి సాధించుకున్నదని అంటారు. నిజమే. కానీ ఆ మాట ఫ్యాక్టరీ మద్యానికి వర్తించదా? జీడిరసానికి బెల్లం ఊట, నవసారం అక్కర్లేదు. రెండు మూడు రోజుల్లో తనంతట తానే పులుస్తుంది. ఒకసారి కాస్తే ఉర్రాక్, మళ్లీ కాస్తే ఫెనీ. ప్రమాదం కాచే తీరులో ఉంది. మొదట దిగే భాగంలో మిథనాల్ అనే విషం ఉండొచ్చు, దాన్ని పారబోయాలి. పుల్లటి రసాన్ని తుప్పు డ్రమ్ముల్లో పులియబెట్టకూడదు. ప్రతి విడతకూ ల్యాబ్ పరీక్ష ఉండాలి. ఈ నిఘా లైసెన్సున్న బట్టీ మీద సాధ్యం, దొంగబట్టీ మీద కాదు.

పోనీ, మత్తు లేని జీడిరసం సంగతేమిటి? దానికి ఎక్సైజ్ అడ్డు కూడా లేదే! లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడిని జావకాచి కలిపితే వగరు అడుక్కి దిగుతుంది, పైన తేటను వంపుకుని మరిగించి సీసాలకెత్తొచ్చు. కాకపోతే రాలిన పండు ఒక్క రోజుకే పాడవుతుంది. తోటల దగ్గరే సేకరణ కేంద్రం, రసం తీసే యంత్రం ఉండాలి. అవి పెట్టొద్దని ఏ చట్టం చెప్పింది?

బారువ, కళింగపట్నం తీరాలకు పర్యాటకులను రప్పిస్తామంటున్న నేతలు వాళ్ల ముందు ఏం పెడతారు, ఎక్కడి నుంచో వచ్చిన సీసాలా? ఫెనీ పేరు గోవాది, మనం వాడుకోలేం. మన పేరుతో మన సరుకు తేవాలంటే ఎక్సైజ్ నిబంధన మారాలి. వచ్చే మార్చిలో పిక్కలు రాలేలోపు సేకరణ కేంద్రాలైనా తెరవాలి. అదీ చేతకాకపోతే జిల్లా ప్రజాప్రతినిధులు ఉద్దానం తోటల్లోకి వెళ్లి, బారుకు చెల్లిన న్యాయం జీడిరైతుకు ఎందుకు చెల్లదో ఆ రైతు ముఖం మీదే చెప్పాలి.