బీరువాలో పద్నాలుగు శాలువాలు

దసరా నుంచి సంక్రాంతి దాకా మన దగ్గర చందా అడిగితే లేదనేవాళ్లు తక్కువ. అన్నదానమైనా, చలికి దుప్పట్లైనా ఎంతోకొంత రాస్తాం. ఈ పండుగల నడుమే డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం వచ్చి పోతుంది, అదీ 1949 నుంచి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల స్టిక్కర్ ఎవరో చేతిలో పెడితే పదో ఇరవయ్యో ఇచ్చి, బండికి అంటించి మరిచిపోతాం.

ఆ పైసలు ఎవరికి అంటే అమరుల కుటుంబాలకు అంటారు. నిజమే. కానీ గాయపడి బతికి వచ్చినవాళ్లకు కూడా అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు విగ్రహం సూర్యాపేటలో పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. మరి 2020లో అదే గల్వాన్‌లో దెబ్బలు తిని బతికిన జవాన్లలో ఒక్కరి పేరైనా చెప్పగలమా? నాకైతే రాదు.

నల్లగొండలో మా వీధి చివర ఒక మాజీ హవల్దార్ కిరాణం నడుపుతాడు. మందుపాతరకు మోకాలి కింద కాలు పోయింది. ప్రతి ఆగస్టు 15కు ఎవరో ఒకరు పిలిచి శాలువా కప్పుతారు. "బీరువాల పద్నాలుగున్నయ్ తమ్మీ, అమ్ముకుందామంటే పాతయి ఎవరు కొంటరు" అని నవ్వుతాడు. కట్టుడు కాలు ఒకసారి ఇస్తే అయిపోయేది కాదని నాకు ఆయన్ను చూశాకే తెలిసింది. తెగిన కాలిలో మిగిలిన భాగం కండ తగ్గేకొద్దీ, దాన్ని దూర్చే సాకెట్ వదులవుతుంది, రెండు మూడు మేజోళ్లు తొడిగి బిగించుకుంటాడు, ఎండాకాలం చెమటకు పుండ్లు. పుణెలో 1944 నుంచి సైన్యం కృత్రిమ అవయవాల కేంద్రం ఉంది, అక్కడికి పోతే సరిచేస్తారు. కానీ పోవాలంటే తోడు మనిషి కావాలి, దుకాణం మూయాలి. అందుకే ఏడాదిగా వాయిదా వేస్తున్నాడు.

ఇవ్వాలనుకుంటే దారులున్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పతాక దినోత్సవ నిధికి కట్టి రసీదు తీసుకోవచ్చు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా. వెన్నుపూస దెబ్బతిని చక్రాల కుర్చీకే పరిమితమైన జవాన్ల కోసం పుణె పక్కన ఖడ్కీలో 1974 నుంచి ఒక పునరావాస కేంద్రం నడుస్తోంది, మొహాలీలో ఇంకోటి. జవాన్ల ఫొటో, కింద ఎవరిదో ఖాతా నంబరు పెట్టి వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లకు మాత్రం రూపాయి కూడా పంపకండి. పండుగలప్పుడే అవి ఎక్కువ, ఎందుకంటే మన మనసు మెత్తగా ఉండేది అప్పుడే.

ఇంకో సంగతి. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర పోలీసు బలగాల వాళ్లు ఈ సైనిక సంక్షేమ కార్యాలయాల కిందకు రారు. ఊళ్లో అందరినీ 'మిలిటరీ ఆయన' అనే పిలుస్తాం కాబట్టి ఆ తేడా మనకు తట్టదు, అందుకే సాయం చేసే ముందు ఆ మనిషి ఏ దళంలో పనిచేశాడో ఒక మాట అడగడం మేలు.

మా వీధిలో ఈసారి శాలువా మానేశాం. సంక్రాంతి లోపు హవల్దార్ అన్న బాత్రూం గోడకు స్టీలు కడ్డీ బిగించాలి, రాత్రిపూట కాలు తీసేశాక ఆయన గోడ పట్టుకుని గెంతుతూ పోతున్నాడట. ఆదివారం వస్తానని మేస్త్రీ చెప్పాడు. ఆయన పుణె పోయివచ్చే నాలుగు రోజులు దుకాణం చూసుకోవడానికి ఎవరు కూర్చోవాలన్న దాని మీదే ఇంకా వాదన నడుస్తోంది.