వయా ఎలుగుబంటి, డాలస్

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంతసేపని ఫోన్‌ని అడగండి. తడుముకోకుండా 18.30 గంటలంటుంది. శంషాబాద్ నుంచి అక్కడికి నేరుగా పోయే విమానమే లేదు కదా అంటే, అది దాని సమస్య కాదు.

లెక్క మాత్రం బహు సులువు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే సుమారు 14,400 కిలోమీటర్లు. గంటకి 800 చొప్పున భాగిస్తే 18. లేవడానికీ వాలడానికీ కలిపి అరగంట దయతో పడేస్తారు.

సగం దారి ఎక్కడొస్తుందో చెప్పే మహానుభావులూ ఉన్నారు. ఆ దారం మన నడినెత్తి మీదుగా దాదాపు నిలువునా ఉత్తరానికి పోయి, సగానికి ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ దగ్గర తేలుతుంది. ధ్రువానికి వెయ్యి కిలోమీటర్ల ఇవతల ఉన్న రష్యా మంచు దీవులవి. ఊరనేది లేదు, ఒక సైనిక స్థావరం, వాల్రస్‌లు, తెల్ల ఎలుగుబంట్లు. మంచిదే. విజయవాడ బస్సు సూర్యాపేటలో ఆగినట్టు ఇక్కడ ఆపుతారన్నమాట. 'ఇరవై నిమిషాలండీ, టిఫిన్ చేసేవాళ్లు చేయండి!' గల్లాపెట్టె దగ్గర ఎలుగుబంటి టోకెన్లిస్తుంది, చిల్లర లేదంటుంది. చట్నీని గొడ్డలితో కొట్టి వడ్డిస్తారు. ఇడ్లీ గట్టిగా ఉందని మన సీటు పక్కాయన గొడవ. అందరూ ఎక్కారు, వెనక సీటు పెద్దాయన తప్ప. ఆయన ఒంటికి పోయొస్తానని వాల్రస్‌ల వైపు వెళ్లాడు.

ఆ దారం వెంట పోవాలంటే ముందు కశ్మీర్ పైనున్న కారకోరం కొండలు దాటాలి. క్యాబిన్‌లో పీడనం పడిపోతే పది వేల అడుగులకి దిగిపోవాలి. కింద ఇరవై వేల అడుగుల కొండలుంటే ఎక్కడికి దిగుతారు? ఆపైన రష్యా ఆకాశం, 2022 నుంచి అమెరికా విమానాలకి మూసేశారు.

కాబట్టి దుబాయ్ మీదుగా పోతాం. 2,550 ప్లస్ 12,900 కిలోమీటర్లు, గాలిలోనే 20 గంటలు. మియాపూర్ నుంచి ఎయిర్‌పోర్టుకి గంటన్నర, అక్కడ 3 గంటలు, దుబాయ్‌లో మూడున్నర, డాలస్‌లో ఇమిగ్రేషన్‌కీ బ్యాగులకీ 2. మొత్తం 30. చలికాలంలో డాలస్ గడియారం పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. తెల్లారి 4కి ఎక్కినవాళ్లు అదే రోజు సాయంత్రం 4కి దిగుతారు. పన్నెండు గంటలే పట్టిందని మురిసేవాళ్లకి ఓ దండం.

నవ్వులాట ఇక్కడితో సరి. కూతురి కాన్పుకని ఒంటరిగా బయల్దేరే షుగర్ పేషెంటు పెద్దావిడకీ ఇదే పద్దెనిమిదిన్నర చెప్పి పంపుతున్నారు! మాత్రలు ఆ లెక్కకే చేతిసంచీలో పడతాయి, ఇన్సులిన్ పెద్ద సూట్‌కేసులోకి పోతుంది. సరుకు అరలో అది గడ్డకడితే ఇక పనికిరాదని తెలీదా? ఇరవై వేలు మిగులుతాయని గంటంపావు మజిలీ టికెట్ కొన్న కొడుకుకి, 48 గంటల ముందు వీల్‌చైర్ అడగడానికి తీరిక లేదు. రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరు కింద, ఉన్నాయో లేదో కూడా చూడడు. లేకపోతే, రెండోది తప్పినప్పుడు కొత్త టికెట్ కొనాల్సింది ఆవిడే, భాష రాని కౌంటర్ ముందు నిలబడి.

ఆవకాయ సీసాకి మూడు కవర్లు చుట్టారు కదా. ఇన్సులిన్‌కి చేతిసంచీలో చోటు దొరకలేదా?