ఏ డబ్బా మంచిదని మాత్రమే అడుగుతున్నాం

పాత వాహనాలను బాగుచేసుకునేవాళ్లు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న తుప్పు పట్టకుండా ఏ పూత వేశారనే. ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మేలా, జింక్ ప్రైమర్ మేలా, తేమతో గట్టిపడే యూరెథేన్ పూత మేలా అని గంటల తరబడి వాదించుకుంటాం. ఆ పూత వేసేటప్పుడు ముఖానికి ఏమి పెట్టుకున్నారు, షెడ్డు తలుపులు తెరిచే ఉంచారా అని అడిగినవారిని మాత్రం నేను చూడలేదు. కొన్నేళ్ల క్రితం వరకు నేనూ అడగలేదు.

నా మొదటి కారు తలుపుల అడుగు భాగానికి ఆ యూరెథేన్ పూతనే మూసిన షెడ్డులో, గుడ్డ మాస్కు కట్టుకుని, స్ప్రే గన్‌తో కొట్టాను. థిన్నర్ వాసన కాసేపటికి ముక్కుకు అలవాటైపోయింది కనుక ఇక భయం లేదనుకున్నాను. ఆ రాత్రి ఛాతీ బిగుసుకుపోయి, పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వస్తూ, తెల్లవారేదాకా కూర్చునే ఉన్నాను. పని ముగిసిన కొన్ని గంటలకు గానీ ఇలాంటి లక్షణాలు బయటపడకపోవడం ఐసోసైనేట్లు అనే రసాయనాల విషయంలో మామూలేనని ఆ తరువాత వైద్యులు చెబితే తెలిసింది.

ఈ పూతల్లోనూ, హార్డెనర్ కలిపి వాడే పాలీయురెథేన్ పెయింట్లలోనూ ఉండేవి ఆ ఐసోసైనేట్లే. మనకు వాటి వాసన తెలిసేసరికే గాలిలో వాటి మోతాదు హద్దు దాటి ఉంటుంది. ఒకసారి శరీరానికి అవి పడకుండా పోతే ఆ తరువాత అతి కొద్ది మోతాదుకే ఉబ్బసం ఎగదన్నవచ్చు, ఆ వృత్తినే వదులుకోవలసి రావచ్చు. బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ థిన్నర్ ఆవిరికి బాగానే పనిచేస్తుంది; కానీ ఐసోసైనేట్ల విషయంలో ఆ కార్ట్రిడ్జ్ ఎప్పుడు అయిపోయిందో మన ముక్కు చెప్పలేదు కాబట్టి, స్ప్రే చేసేవారు బయటినుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందే మాస్కునే వాడాలి. అది లేనివారు స్ప్రే మానేసి, తలుపులన్నీ తెరిచి, చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకుని బ్రష్‌తో వేసుకోవడమే మేలు. బ్రష్‌తో వేస్తే గీతలు పడతాయని గొణిగేవారున్నారు. ఛాసిస్ అడుగున గీతలను చూసేదెవరు?

వాడగా మిగిలిన డబ్బాను సరిగా మూయకుండా వదిలేసి చూడండి. లోపలికి చేరిన తేమతో పూత చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ పుట్టి, కొన్నాళ్లకు డబ్బా మూత పొంగుతుంది. గాలిలోని ఆ మాత్రం తేమకే ఇంత చేసే పదార్థం తడితడిగా ఉండే ఊపిరితిత్తుల్లోకి వెళితే ఊరుకుంటుందా? నేను గుడ్డ మాస్కు వెనుకనుంచి పీల్చింది దాన్నే.

పూత దాకా రాకముందే ఇంకో గండం ఉంది. పాత బండి పెయింటును గీకుతూ పోతే పొరల అడుగున ఒక్కోచోట నారింజ రంగు ప్రైమర్ బయటపడుతుంది. అది సీసపు ఆక్సైడ్‌తో చేసిన రెడ్ లెడ్ కావచ్చు. పసుపుపచ్చగా ఉంటే జింక్ క్రోమేట్ కావచ్చు, అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. అలాంటి పొరను గ్రైండర్‌తో పొడిగా రుద్దడం, ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం, అవే బట్టలతో ఇంట్లోకి వెళ్లి పిల్లలను ఎత్తుకోవడం నేను కళ్లారా చూశాను. తడిపి రుద్దితే దుమ్ము లేవదు. సన్నని దుమ్మును ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు, పనికి వేరే బట్టలు తప్పనిసరి.

వెల్డింగ్ పని మిగిలి ఉండగానే పూతలన్నీ వేసేయడం మన తొందరపాటుల్లోకెల్లా పెద్దది. తలుపు కింది బోలు పెట్టెల్లోకి మైనపు పూత కొట్టిన తరువాత, బయట చిన్న అతుకు మిగిలిపోయిందని నేను వెల్డింగ్ టార్చ్ వెలిగించాను. కాసేపటికి నీళ్లు పోయే రంధ్రంలోంచి సన్నని పొగ వచ్చింది. లోపల మైనం అంటుకుంది. పక్కనే నీళ్ల బకెట్, మంటలార్పే సిలిండర్ ఉండబట్టి బండి దక్కింది. జింక్ పూత మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ చలిజ్వరం తెప్పిస్తుంది. క్లోరిన్ ద్రావకాలున్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టవచ్చు. కాబట్టి వెల్డింగ్ ముందు, ప్రైమర్ తరువాత, మైనం అన్నిటికన్నా చివర. ఆ మైనం కూడా నీళ్లు పోయే రంధ్రాలను మూసేయకూడదు.

ఇంత జాగ్రత్త పడేవారు కూడా గుడ్డపీలికలను పట్టించుకోరు. అవిసె నూనె ఉన్న తుప్పు నిరోధకంతో తడిసిన పీలికలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే, నూనె ఆరుతున్న కొద్దీ పుట్టే వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకోగలవు. నేను వాటిని నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచి, మూత బిగించి, ఆ డబ్బాను షెడ్డు బయట పెట్టాకే తాళం వేస్తున్నాను.